ఊరు దాటే లోపు ఫోటో చేతికి: నా అనుభవం

శ్రీకాకుళం జిల్లాలో కొండ మీది గూడేలకీ సముద్రపు ఒడ్డు పేటలకీ వెళ్ళి, డబ్బు తీసుకోకుండా ఫోటోలు తీసి ఇచ్చే పని నాది. పెళ్ళిళ్ళ సీజనులో సంపాదించినదాంట్లో కొంత ఈ తిరుగుడికి పోతుంది. ఇందులో తీయడం చిన్న పని, ఇవ్వడం పెద్ద పని. "తర్వాత పంపిస్తాను" అన్న ఫోటో చేరదు. గూడేనికి కొరియరు వెళ్ళదు, రాయించుకున్న ఫోన్ నంబరు ఆర్నెల్లకి మారిపోతుంది, ఊళ్ళో ఎవరో ఒకరి చేతికిచ్చిన కవర్లు వాళ్ళ అటక మీదే ఉండిపోతాయి. అందుకని నాకున్న నియమం ఒక్కటే. నేను ఊరు దాటే లోపు అచ్చయిన ఫోటో వాళ్ళ చేతిలో పడాలి. ఏ నెలలో వెళ్ళాలి, సంచిలో ఏం సర్దాలి, మనిషిని ఎటు తిప్పి కూర్చోబెట్టాలి, అన్నీ ఆ నియమాన్ని బట్టే.

ముందు నెల సంగతి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లతో చేపల వేట నిషేధం. వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి మండలాల పేటల్లో మగవాళ్ళు పగటిపూట తీరిగ్గా దొరికేది అప్పుడే. అయితే మన జిల్లా మత్స్యకారులు చాలామంది గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి అక్కడి బోట్ల మీద పని చేస్తారు. పడమటి తీరం నిషేధం జూన్ 1న మొదలవుతుంది. కాబట్టి జూన్ మొదటి రెండు వారాల్లో వెళితే ఇక్కడ వేటకెళ్ళే అన్నా, వేరావల్ నుంచి వచ్చిన తమ్ముడూ ఇద్దరూ ఇంటి దగ్గరుంటారు. కుటుంబం మొత్తం ఒక్క ఫ్రేములో పడే రోజులు ఏడాదిలో అవే. ఎండనీ ఉక్కనీ మనం ఓర్చుకోవాలి, ప్రింటరూ ఓర్చుకోవాలి. ఆ తిప్పలు కింద చెప్తాను.

జీడితోటల సీమ ఉద్దానంలో మార్చి నుంచి మే దాకా జీడిపిక్కల పని, పిలిచినా ఎవరూ రారు. హైదరాబాదుకీ చెన్నైకీ వలసపోయిన పిల్లలు సంక్రాంతికి వస్తారు. పండగ మూడు రోజులూ హడావిడి, ఎవరినీ నిలబెట్టలేం. ముక్కనుమ నాడు వెళితే ఒంటి మీద కొత్తబట్టలింకా ఉంటాయి, మనుషులూ నిదానించి ఉంటారు. మందస, మెళియాపుట్టి మండలాల సవర గిరిజనుల గూడేలకి సంత రోజు మాత్రం వెళ్ళకండి. ఆ రోజు ఊళ్ళో కోళ్ళూ, కదల్లేని ముసలివాళ్ళే మిగులుతారు.

వెళ్ళడానికి వారం ముందు ఆశా కార్యకర్తకో అంగన్‌వాడీ టీచరుకో చెప్పాలి, ముందురోజు సాయంత్రం మళ్ళీ ఫోన్ చెయ్యాలి. ఆ రెండో ఫోన్ వల్లే అవ్వలు తలంటుకుని, పెట్టెలో చీర తీసి ఉంచుకుంటారు. కొండ ఊళ్ళల్లో పెద్దవాళ్ళతో వాళ్ళ సవర భాషలో మాట్లాడగలిగే కుర్రాణ్ణి ఒకణ్ణి రోజంతా పక్కనుంచుకోవాలి. సవర నేర్చుకుని ఆ భాషకి నిఘంటువు చేసిపెట్టిన గిడుగు రామమూర్తి గారు పుట్టిన జిల్లా ఇది. అయినా "గడ్డం కొంచెం పైకెత్తు" అనే ముక్క కోసం నాకింకా దుబాసీ కావాలి.

పలాస దాకా రైలు, అక్కణ్నుంచి బస్సో ఆటోనో. మెళియాపుట్టి వైపైతే నౌపడలో దిగి గుణుపూర్ లైను బండి ఎక్కి పాతపట్నంలో దిగవచ్చు. ఏ దారైనా చివరి మూడు నాలుగు కిలోమీటర్లు నడకే అనుకుని సర్దుకోవాలి. మొత్తం బరువు 12 కిలోలు దాటితే మర్నాడు భుజం పనికిరాదు, చెయ్యి వణికితే ఫోటో పనికిరాదు.

ప్రింటరు విషయంలో సిరా చల్లే మామూలు ఇంక్‌జెట్ వద్దనుకున్నాను. ఉప్పుగాలికీ చెమట చేతులకీ ఆ సిరా ఆగదు. ఒక్క నీటిచుక్క పడితే కన్నూ ముక్కూ కలిసిపోతాయి. నేను మోసుకెళ్ళేది చిన్న డై-సబ్లిమేషన్ ప్రింటరు, క్యానన్ సెల్ఫీ సీపీ1500. పేరు చూసి సెల్ఫీలు తీసే మిషననుకోకండి. 100×148 మిల్లీమీటర్ల కాగితం మీద రిబ్బను నుంచి రంగుని వేడితో అద్దుతుంది. చివర పైన ఒక పారదర్శకమైన పూత వేస్తుంది, అందువల్ల తడిచేత్తో పట్టుకున్నా చెక్కుచెదరదు. కాగితాలూ రిబ్బన్లూ కలిపి ఒకే పెట్టెలో వస్తాయి: 108 కాగితాలు, ఒక్కోటి 36 ప్రింట్లకి సరిపోయే మూడు రిబ్బన్లు. నాకు ప్రింటు 25 రూపాయల అటూఇటూ పడుతోంది. ట్రేలో ఒక్కసారికి 18 కాగితాలే పెట్టాలి, నిగనిగలాడే వైపు పైకి. మధ్యలో కాగితం ఇరుక్కుంటే కాగితంతోపాటు రిబ్బనులో ఒక వంతు కూడా పోయినట్టే. రిబ్బన్లు విడిగా దొరకవు కాబట్టి 108 అని లెక్కేసుకుని వెళితే 104 చేతికొస్తాయనుకోండి. 60 గడపల ఊరికి రెండు పెట్టెలు తీసుకెళ్ళాలి.

కరెంటు గురించి అందరూ భయపడతారు. లెక్క వేస్తే అది చిన్న విషయమే. ప్రింటు పడేటప్పుడు ఈ మిషను 60 వాట్ల లోపే తాగుతుంది, అదీ 40 సెకన్లు. అంటే ఒక ఫోటోకి ఒక వాట్-అవర్ కూడా కాదు. 150 వాట్-అవర్ల చిన్న పవర్ బ్యాంకు, ఏసీ ప్లగ్గున్నది, రోజుకి చాలు. కరెంటు కన్నా ముందు వేడి ఆపేస్తుంది. ఈ రకం చిన్న ప్రింటర్లు సాధారణంగా 40 డిగ్రీల లోపు వాడడానికి చేసినవి. జూన్‌లో రేకుల ఇంట్లో పెడితే పది ఫోటోలకే చల్లబడడం కోసం ఆగి కూర్చుంటాయి. తాటాకు ఇల్లో పెంకుటిల్లో చూసుకుని, నేల మీద పీట వేసి, పీట మీద పెట్టాలి. ఫ్యాను గాలి ప్రింటరుకి తగలాలి, కాగితానికి తగలకూడదు. ఇన్ని చేసినా గంటకి 30 ఫోటోలకి మించి రావు. అందుకే పొద్దున 60 టోకెన్లు, సాయంత్రం 40, అంతకుమించి ఇవ్వను.

ప్రింటు పడే తీరు చూడడానికి పిల్లలు మూగుతారు. కాగితం నాలుగుసార్లు లోపలికీ బయటికీ తిరుగుతుంది. మొదటిసారి వచ్చేసరికి ముఖం మొత్తం పసుపు రాసిన పెళ్ళికూతురిలా ఉంటుంది, రెండోసారికి ఎర్రగా కమిలినట్టవుతుంది, మూడోసారికి నీలం పడి అసలు మనిషి బయటికొస్తుంది, నాలుగోసారి మెరుపు. పసుపు ముఖం చూడగానే ఏదో ఒక గుంట "అయిపోయింది" అని చెయ్యి పెట్టి లాగుతుంది. ఒక్క వెంట్రుకవాసి కదిలినా తర్వాతి రంగు పక్కకి పడి కళ్ళ చుట్టూ ఎర్రటి నీడ వస్తుంది. ఆ కాగితం చెత్తే. ప్రింటరుకి వెనక కూడా కాగితం బయటికొచ్చే జాగా ఉండాలి, గోడకి జానెడు దూరం పెట్టండి. ఒడ్డు పేటల్లో ఇసక మరో శత్రువు. ఒక్క రేణువు లోపలికెళ్ళినా ప్రతి ఫోటో మీదా అదే చోట తెల్లచుక్క వస్తుంది. ఇంటి లోపలే పెట్టాలి, పనిలేనప్పుడు కాగితాల ట్రే మూత వెయ్యాలి.

ఇక తీసే చోటు. స్టూడియో లైట్లు మొయ్యను. ఏ ఇంటికైనా వసారా ఉంటుంది కదా, చూరు నీడ ఎక్కడ తెగుతుందో అక్కడికి రెండడుగులు లోపలికి మనిషిని కూర్చోబెట్టి, ముఖం ఆకాశం వైపు తిప్పితే చాలు, మెత్తటి వెలుగు దొరుకుతుంది. ఉత్తరం చూసే వసారా అయితే, జూన్ ప్రాంతంలో తప్ప, ఆ వెలుగు పొద్దంతా పెద్దగా మారదు. చెట్టు నీడ మంచిదనుకుంటారు గానీ మంచిది కాదు. జీడిమామిడి కింద చర్మం పచ్చబారుతుంది, కొబ్బరి కింద ముఖం మీద ఎండమచ్చలు పడతాయి. తుపాను తర్వాత ఇచ్చిన నీలం టార్పాలిను చాలా ఇళ్ళ ముందు పందిరిలా కట్టి ఉంటుంది. దాని కింద తీస్తే పెదాలు కూడా నీలంగా వస్తాయి, ఎంత సరిచేసినా మనిషి నీళ్ళల్లోంచి తీసినట్టే ఉంటాడు. పచ్చరంగూ గులాబిరంగూ వేసిన గోడలు కూడా పక్క చెంప మీద రంగు పారబోస్తాయి. కొండ ఊళ్ళల్లో ఎర్రమట్టి కింద నుంచి గడ్డాన్ని ఎర్రబరుస్తుంది. దానికి మందు తెల్ల పంచె. కూర్చున్నవాళ్ళ కాళ్ళ ముందు నేల మీద పరిస్తే ఎరుపు పోతుంది, లోతుకి పోయిన కళ్ళల్లోకి కింద నుంచి కాస్త వెలుగొస్తుంది. ముసలివాళ్ళ ఫోటోకి నేను కొన్న ఏ పరికరమూ ఆ పంచెంత పని చెయ్యలేదు.

వెనక 6×9 అడుగుల మెరుపులేని తెల్లగుడ్డ. పైనా కిందా వెదురుకర్ర తొడిగే గొట్టంలా కుట్టించుకోవాలి, కింద కర్ర లేకపోతే గాలికి గుడ్డ వచ్చి తలకి చుట్టుకుంటుంది. మనిషికీ గుడ్డకీ మధ్య మూడడుగులు ఉంచితే గుడ్డ మీద నీడ పడదు. తెల్లగుడ్డ చూసి కెమెరా మోసపోతుంది, అంతా ప్రకాశంగా ఉందనుకుని ముఖాన్ని నల్లగా తీస్తుంది. మన చామనఛాయకి, నల్లటి చర్మానికి మూడింట రెండు స్టాపుల నుంచి ఒక స్టాపు దాకా వెలుగు ఎక్కువ ఇవ్వాలి (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు). నేను కెమెరాలో ఆటో సెట్టింగు వదిలేసి చేత్తోనే పెట్టుకుంటాను: 50 లేదా 85 ఎంఎం లెన్సు, దాని తెరుపు ఎఫ్/4, షట్టరు సెకనులో 200వ వంతు, వెలుగుకి స్పందించే ఐఎస్ఓ 200 నుంచి 400, రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్సు 'షేడ్'. కెమెరా తెరని నమ్మకండి. ఎండలో చూసి చీకటిగా ఉందనుకుంటాం, చీకటి వసారాలో చూసి వెలుగుగా ఉందనుకుంటాం. వెలుగూ చీకటీ ఎంతెంత పడ్డాయో చూపే గ్రాఫు, హిస్టోగ్రాం చూడాలి, మొదటి ప్రింటు బయటికి తీసుకెళ్ళి పగటి వెలుగులో చూడాలి. కాగితం మీద ముఖం తెర మీదకన్నా ఒక పాలు నల్లగానే పడుతుంది.

ఫోన్‌తో తీసినా ఫరవాలేదు గానీ ముఖాన్ని నున్నగా చేసే సెట్టింగు ముందు తీసెయ్యండి. సవర అవ్వల ముఖం మీద నిలువునా పచ్చబొట్టు గీత ఉంటుంది. కొన్ని ఫోన్లు దాన్ని మచ్చనుకుని తుడిచేస్తాయి. ఫోటో చేతికిస్తే అవ్వ అటూ ఇటూ తిప్పి చూసి, ఎవరిదో అనుకుని పక్కవాళ్ళకి ఇచ్చేస్తుంది.

ఫ్రేము కట్టడంలో మన చదువు ఇక్కడ పనికిరాదు. నడుము దాకా తీసి ఇస్తే "కాళ్ళేటి బావూ కోసీసినావు?" అని అడుగుతారు. వాళ్ళకి ఫోటో అంటే తల నుంచి పాదం దాకా, చేతులు మోకాళ్ళ మీద, నవ్వు లేకుండా. అది వాళ్ళ హక్కు. ముందు వాళ్ళడిగినట్టు నిండుగా ఒకటి తీసి అదే ప్రింటు చెయ్యాలి, మనకి నచ్చింది తర్వాత. ముగ్గురు కలిసి దిగరు, నడుమనున్న మనిషికి మంచిది కాదంటారు. వాదించకండి. పక్కింటి గుంటని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే నలుగురైపోతారు. నెలల పిల్లల్ని దిష్టని తియ్యనివ్వరు, అదీ అంతే.

పెద్దవాళ్ళది ఒక్కరిదే విడిగా తప్పకుండా తీయండి, గుంపు ఫోటో ఎంత బాగున్నా సరే. ఎందుకో ఎవరూ పైకి చెప్పరు. రేపు పెద్దకర్మ నాటికి ఫ్లెక్సీ వెయ్యాలంటే మనవడి పెళ్ళి ఫోటోలోంచి బొటనవేలి గోరంత ముఖం కత్తిరించి మూడడుగులకి సాగదీస్తారు, మనిషి మసకైపోతాడు. ఈ ఫైలు ఇంట్లో కుర్రాళ్ళ ఫోన్‌కి పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపాలి. ఫోటోగా పంపితే నలిగి చిన్నదైపోతుంది, ఫ్లెక్సీకి పనికిరాదు.

పాస్‌పోర్టు సైజుకి గిరాకీ ఎక్కువ. పింఛను దరఖాస్తుకో బ్యాంకు ఖాతాకో ఫోటో కావాలంటే మందసో పలాసో దిగాలి, ఒక రోజు కూలి పోతుంది. 35×45 మిల్లీమీటర్లవి ఒక్క కాగితం మీద ఎనిమిది పడతాయి: పొడుగునా నాలుగు, రెండు వరసలు. మధ్యన ఒక మిల్లీమీటరు గీత వదలండి, కత్తెర జరిగినా ముఖం తెగదు. కళ్ళద్దాలు తీయించాలి, చెవులు కనపడాలి, తల మీది కొంగు తీయమనే ముందు కొంగుతోనూ ఒకటి తీసి పెట్టాలి.

లామినేషను చేసివ్వమంటారు. నేను చెయ్యను. అంచు సరిగా అతకకపోతే ఆ సందులోంచి వానాకాలం తేమ లోపలికెళ్ళి బయటికి రాదు. ప్లాస్టిక్ తొడుగులో పెట్టిస్తే చాలు. ఫ్రేము కట్టించుకునేవాళ్ళకి ఒకటే మాట చెప్తాను: అద్దానికీ ఫోటోకీ మధ్య అట్ట అంచు ఉండాలి. అద్దం నేరుగా ఆనితే రెండు వానాకాలాలకి అతుక్కుపోతుంది.

అలా అతుక్కుపోయినవే మధ్యాహ్నం నా దగ్గరకొస్తాయి. ఎండ నడినెత్తినున్నప్పుడు మనుషుల్ని తీయలేం కాబట్టి 11 నుంచి 3 దాకా పాత ఫోటోలకి నకళ్ళు తీస్తాను. అద్దానికి అతుక్కున్నదాన్ని పీకకూడదు, బొమ్మ అద్దంతోపాటే వచ్చేస్తుంది. అద్దం మీదుగానే తీయాలి. ఫోటోని వసారాలో నేల మీద పరిచి, పైనుంచి కెమెరా సమాంతరంగా పెట్టి, కెమెరాకీ మనకీ నల్లగుడ్డ కప్పుకుని లెన్సు మాత్రం బయటికి ఉంచితే అద్దంలో మన నీడ పడదు. కెమెరా ఒంగితే పెళ్ళికొడుకు తల ఒకవైపు పెద్దదవుతుంది, ఫోన్‌లో లెవెల్ ఆప్ పెట్టి సరిచూసుకోండి. 30, 40 ఏళ్ళ నాటి రంగు ఫోటోలు ఎర్రబారి ఉంటాయి. వాటిలో ముందు పోయేది నీలం రంగే. ఎరుపు కొంత తగ్గిస్తే చీర రంగు సగమైనా తిరిగొస్తుంది.

తుపాను తర్వాత పని వేరు. తిత్లీ 2018 అక్టోబరు 11న వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటింది. అలాంటి తుపాను వచ్చి పోయాక ఆల్బం ముద్దగా తడిసి చేతికొస్తే ఎవరైనా చేసే మొదటి పని ఎండలో పెట్టడం, అదే తప్పు. ఆరుతూ ఆరుతూ ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఆరకముందే పళ్ళెంలో చల్లటి మంచినీళ్ళు పోసి ముంచాలి, వాటంతటవి విడిపోయేదాకా ఆగాలి, బొమ్మ వైపు వేలు తగలనివ్వకూడదు. బురద పోయేదాకా నీళ్ళు మార్చి, బొమ్మ పైకి ఉండేలా నీడలో గుడ్డ మీద పరచాలి. రెండు రోజులకి మించి నీళ్ళల్లో ఉంచితే బొమ్మ పొరే జారిపోతుంది. స్టూడియోలో కడిగిన పాత ఫోటోలకే ఇది. ఇంక్‌జెట్‌వి తడిస్తే బాగుపడడం కష్టం.

భర్త పోయిన ఆడవాళ్ళు పాత ఫోటో తెచ్చి ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టమంటారు. ఆ పాత ఫోటోలో వెలుగు ఏ చెంప మీద పడిందో చూసి, ఆమెని వసారాలో అలాగే తిప్పి తీయాలి. అప్పుడే రెండూ అతుకుతాయి. ఇది అక్కడికక్కడ అయ్యే పని కాదు, నా నియమానికి ఇదొక్కటే మినహాయింపు. కృత్రిమ మేధకి అప్పగిస్తే పది సెకన్లలో అవుతుంది గానీ ఆయన ముక్కు మార్చేస్తుంది. అరవై ఏళ్ళు చూసిన ముక్కుని ఆవిడ మర్చిపోదు కదా.

పేర్లతో ఫైళ్ళు పెట్టుకుంటే మునిగిపోతాం. మన వైపు ఒకే ఊళ్ళో సింహాచలాలే అరడజను, అందులో ఆడా మగా ఇద్దరూ. అందుకని టోకెను నంబరు పలక మీద సుద్దతో రాసి మొదటి ఫ్రేములో పట్టించాలి. నోటుపుస్తకంలో ఆ నంబరు ఎదురుగా "చెరువు గట్టు మీద రెండో ఇల్లు" అని గుర్తు. ఫోటో ఇవ్వడానికి ఒప్పుకున్నంత మాత్రాన నెట్‌లో పెట్టడానికి ఒప్పుకున్నట్టు కాదు. అది వేరే ప్రశ్న, వేరేగా అడగాలి. నేను పిల్లలవి అడగను, పెట్టను.

అన్నిటికన్నా ఎవరూ చెప్పని సంగతి రిబ్బనుది. అయిపోయిన రిబ్బను లాగి వెలుగుకి పట్టి చూడండి, 36 మంది ముఖాలూ ఒక్కో రంగులో నెగటివ్‌లా అందులో స్పష్టంగా ఉంటాయి, పింఛను కాగితం చేత్తో పట్టుకుని దిగినవాళ్ళ కాగితంతో సహా. దాన్ని ఊళ్ళో చెత్తకుప్పలో పడేసి రాకూడదు. ఇంటికి తెచ్చి కత్తెరతో ముక్కలు చేసి పారెయ్యాలి. కార్డులోని ఫోటోలు ఆ రాత్రే రెండు చోట్లకి ఎక్కించాలి, లెన్సు మీద ఉప్పుతేమని కండువాతో కాకుండా తుడిచే ద్రవంతో తుడవాలి, కెమెరాని తేమ పీల్చే సిలికా జెల్ వేసిన గట్టి మూత డబ్బాలో పెట్టాలి. బియ్యంలో పెట్టమని చెప్పేవాళ్ళ మాట వినకండి, తవుడు లోపలికెళ్తుంది.

ఎన్ని పెట్టెలు మోసుకెళ్ళినా పొద్దు వాలే వేళకి కాగితం అయిపోతుంది, టోకెను పట్టుకుని ఏడెనిమిది మంది అరుగు మీద మిగులుతారు. వాళ్ళని ఫోటో మాత్రం తీసి పంపెయ్యను, అలా తీసిందే చేరని ఫోటో అవుతుంది. వాళ్ళ టోకెన్లు వాళ్ళ దగ్గరే ఉంచమంటాను. ఆ నంబర్లు నోటుపుస్తకంలో కొత్త పేజీ మొదట్లో రాసుకుంటాను. మళ్ళీ విడత వెళ్ళి ప్రింటరు పీట మీద పెట్టగానే పిలిచేది వాళ్ళనే.